మల్యాల పరిసరాల్లో గ్రామీణ వ్యాపారాలు, వాటిని నిలబెట్టిన సంఘాలు

మల్యాల జగిత్యాల జిల్లాలోని మండల కేంద్రం. కరీంనగర్ నుంచి జగిత్యాలకు పోయే దారిలో, కొండగట్టు ఆంజనేయస్వామి గుట్టకు దగ్గరగా ఉంది. ఇక్కడి నుంచి ఒకవైపు జగిత్యాల మీదుగా కోరుట్ల, మెట్‌పల్లి, ఇంకోవైపు వేములవాడ మీదుగా సిరిసిల్ల వస్తాయి. 2016 అక్టోబర్ 11 దాకా ఈ ఊళ్లన్నీ కరీంనగర్ జిల్లావే. ఆ రోజు జగిత్యాల, రాజన్న సిరిసిల్ల వేరు జిల్లాలయ్యాయి. అయినా వ్యాపార బంధాలు పాత దారుల్లోనే సాగుతున్నాయి. జగిత్యాల పసుపు నిజామాబాద్ మార్కెట్‌కు పోతుంది. సిరిసిల్ల గుడ్డ పల్లె పిల్లల యూనిఫాం అవుతుంది. పాత జిల్లా మొత్తానికీ ఇప్పటికీ ఒకటే సహకార కేంద్ర బ్యాంకు.

ఈ ప్రాంతంలో చిన్న వ్యాపారం అంటే పది రకాల బతుకుతెరువులు. సిరిసిల్లలో మరమగ్గం, కోరుట్ల, మెట్‌పల్లి వైపు బీడీ, పసుపు, జగిత్యాల చుట్టూ మామిడి, వరి విత్తనం, రైస్ మిల్లు, ఊరూరా పాడి, కుట్టుమిషను, కిరాణం, కొండగట్టు మెట్ల కింద టెంకాయల దుకాణం. ఇక్కడివాళ్లకు చేతి పని గానీ తెగువ గానీ ఏనాడూ తక్కువ కాలేదు. అప్పు కూడా ఏదో ఒక వడ్డీకి దొరుకుతూనే వచ్చింది. దొరకనిది, తయారైన సరుకును ఏటా నమ్మకంగా కొనేవాడు. ఉమ్మడిగా కరెంటో, నూలో, అమ్మకమో చేతిలో పెట్టుకున్న వృత్తులు దెబ్బలు తిని కూడా నిలిచాయి. ఒక్క కొనుగోలుదారునే నమ్ముకున్నవి అతను తప్పుకున్న రోజున ఆగిపోయాయి. ఈ ప్రాంతంలో గ్రామీణ వ్యాపారానికి అందిన సాయాన్ని అంచనా కట్టడానికి ఇంతకన్నా మంచి కొలత లేదు.

నేపథ్యం

ఇరవయ్యో శతాబ్దం మధ్య వరకు ఇక్కడి కమ్మరి, వడ్రంగి, చాకలి, మంగలి, కుమ్మరి పనులకు రొక్కం రూపంలో ధర లేదు. పంట మీద ఇచ్చే గింజలు, దొర గడికి చేసే వెట్టి, ఇవే లెక్క. వెట్టికీ దొరతనానికీ ఎదురు తిరిగిన రైతు కూలీ ఉద్యమం 1978లో జగిత్యాల జైత్రయాత్రగా చరిత్రకెక్కింది. దాన్ని రాజకీయ ఘట్టంగానే చెప్పుకుంటారు గానీ, చేతి వృత్తులవాళ్లు తమ పనికి తామే ధర చెప్పుకునే వీలు ఏర్పడటంలో దాని పాత్ర చిన్నది కాదు. పల్లెలో స్వతంత్ర వ్యాపారం పుట్టడానికి ముందు పనిచేసేవాడు స్వతంత్రుడు కావాలి.

శ్రీరాంసాగర్ ప్రాజెక్టుకు 1963లో నెహ్రూ పునాదిరాయి వేశారు. దాని కాకతీయ కాలువ నీళ్లు వచ్చాక మెట్ట చేలు వరి మడులయ్యాయి. వరి వెంట రైస్ మిల్లులు, ట్రాక్టర్లు, కోత మిషన్లు, ఎరువుల దుకాణాలు వచ్చాయి. జగిత్యాల పక్కన పొలాసలోని వ్యవసాయ పరిశోధన కేంద్రం జగిత్యాల సన్నాలు, పొలాస ప్రభ, కరీంనగర్ సాంబ, జగిత్యాల మషూరి వంటి వరి రకాలను ఇచ్చింది. విత్తనం పండించి అమ్మే రైతులకు ఆ కేంద్రం ఇంటి పక్క ఆసరా. కొత్త వంగడం పొలానికి వచ్చేలోపు మధ్యలో దళారి అక్కర్లేని వ్యాపారాల్లో ఇది ఒకటి.

నీళ్లు రాని ఊళ్లవాళ్లు బయటికి పోయారు. పద్మశాలీలు భీవండి, ముంబయి, షోలాపూర్, సూరత్ మిల్లులకు, మిగతావాళ్లు 1970ల తర్వాత దుబాయి, మస్కట్, సౌదీలకు. ఈ రెండు వలసలూ తిరిగి వచ్చేటప్పుడు ఏదో ఒకటి తెచ్చాయి. ఒకటి మరమగ్గం పనితనం తెస్తే, ఇంకొకటి రొక్కం తెచ్చింది.

సెస్

రాజన్న సిరిసిల్ల జిల్లాలో కరెంటు బిల్లు వసూలు చేసేది ప్రభుత్వ పంపిణీ సంస్థ కాదు, వాడుకునేవాళ్లే సభ్యులుగా ఉన్న సహకార విద్యుత్ సరఫరా సంఘం. జనం నోట అది ‘సెస్’. కేంద్ర ప్రభుత్వం 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థను ఏర్పాటు చేసింది. పల్లెలు తమ కరెంటు తామే నడుపుకోగలవా అని చూడటానికి ఆ సంస్థ దేశంలో ఐదు చోట్ల డబ్బు పెట్టింది. మహారాష్ట్రలో ముళా-ప్రవర, కర్ణాటకలో హుక్కేరి, గుజరాత్‌లో కొడినార్, ఉత్తరప్రదేశ్‌లో లక్నో, అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో సిరిసిల్ల. అమెరికా రైతులు 1930ల నుంచి నడుపుకుంటున్న విద్యుత్ సంఘాలే దీనికి నమూనా. సిరిసిల్ల సంఘం 1970లో మొదలైంది. ముళా-ప్రవర సరఫరా 2011లో మహారాష్ట్ర ప్రభుత్వ సంస్థ చేతికి పోయింది. తెలంగాణలో ఇలాంటి సంఘం ఇదొక్కటే, ఇప్పటికీ నడుస్తోంది.

సెస్ కరెంటును టోకుగా కొని ఇళ్లకు, బావుల మోటార్లకు, మగ్గాలకు పంచుతుంది. పాలకవర్గాన్ని వినియోగదారులే ఓట్లు వేసి ఎన్నుకుంటారు. 2022 డిసెంబర్‌లో జరిగిన ఎన్నికల్లో పార్టీలు శాసనసభ ఎన్నికలంత పట్టుదలగా తలపడ్డాయి. సహకార సంఘానికి అంత రాజకీయం మంచిదా అని అడిగేవాళ్లున్నారు. నిర్వహణ మీద ఫిర్యాదులూ వస్తుంటాయి. కానీ ఓటు అడగడానికి వచ్చినవాడిని తీగ ఎందుకు తెగిందని నిలదీసే హక్కు ఇక్కడి మగ్గం యజమానికి ఉంది. ఆ హక్కు పక్క జిల్లాలోని చిన్న పరిశ్రమకు లేదు.

మరమగ్గాలు ఇంతగా సిరిసిల్లలోనే ఎందుకు పెరిగాయన్న ప్రశ్నకు జవాబులో కొంత భాగం సెస్ దగ్గర ఉంది. నేత తెలిసిన కులం తెలంగాణలో చాలా పట్టణాల్లో ఉంది. భీవండి అనుభవం కూడా చాలామందికి ఉంది. ఇంటి వసారాలో నాలుగు మగ్గాలు పెట్టుకున్నవాడికి ఊళ్లోనే కరెంటు ఇచ్చి, ఊళ్లోనే మాట వినే సంస్థ మాత్రం సిరిసిల్లకే ఉంది. మరమగ్గాల కరెంటుకు ప్రభుత్వం ఇచ్చే యాభై శాతం రాయితీ దానికి తోడైంది.

సాంచాల ఊరు

సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటారు. ఊళ్లో సాంచాలు పాతికవేలకు పైనే. ఈ పరిశ్రమకు ఒక ఫ్యాక్టరీ గోడ లేదు, ఒక యజమాని లేడు. నూలు తెచ్చి, గుడ్డ అమ్ముకునే పెద్ద వ్యాపారి పైన ఉంటాడు. అతని దగ్గర నూలు బీములు తీసుకుని, తన సాంచాల మీద నేయించి, మీటరు లెక్కన కూలి తీసుకునేవాడు ఆసామి. ఆసామి దగ్గర పనిచేసేవాడు కార్మికుడు. ఒక్కడే ఎన్నో సాంచాలను చూసుకుంటూ పన్నెండు గంటల షిఫ్టు నిలబడతాడు. వీళ్ల చుట్టూ వార్పింగ్ కార్మికులు, పోగులు అతికే వైపని చేసేవాళ్లు, కండెలు చుట్టే ఆడవాళ్లు, అద్దకం, సైజింగ్ యూనిట్లు, సాంచా చెడితే బాగుచేసే జాబర్లు, బీములు మోసే హమాలీలు, ఆటోవాళ్లు. ఒక్క సాంచా ఆగితే ఇన్ని ఇళ్లలో పొయ్యి మీద దాని ప్రభావం పడుతుంది.

ఈ గొలుసులో ఆసామి పరిస్థితే చిత్రమైనది. పేరుకు యజమాని, సాంచాలు అతనివే, వాటి మీద అప్పూ అతనిదే. కానీ నూలు అతనిది కాదు, గుడ్డా అతనిది కాదు. ధర తగ్గితే ముందు అతని కూలి తగ్గుతుంది, ఆ వెంటనే కార్మికుడిది. 1990ల చివరి నుంచి కొన్నేళ్లపాటు సిరిసిల్లలో నేత కార్మికుల ఆత్మహత్యలు దేశాన్ని కలచివేశాయి. నూలు ధర, పాలిస్టర్ గుడ్డకు బయటి పోటీ, గిరాకీ లేని నెలలు, వారం వారం కట్టాల్సిన ప్రైవేటు అప్పులు అన్నీ కలిసి ఆ ఇళ్ల మీద పడ్డాయి. ఆ ఆత్మహత్యలను మానసిక బలహీనత ఖాతాలో వేసి, సలహా కేంద్రాలతో సరిపెట్టాలని చూడటం తప్పు. అక్కడ కొరతపడింది పని.

ఆ తర్వాత వచ్చిన సాయంలో చాలా భాగం ప్రభుత్వ ఆర్డర్ల రూపంలోనే. బడి పిల్లల యూనిఫాం గుడ్డ ముందు నుంచీ కొంత వస్తుండేది. 2017లో బతుకమ్మ చీరల పథకం మొదలైంది. దసరాకు రేషన్ కార్డున్న ఇళ్లలోని ఆడవాళ్లకు ఏటా దాదాపు కోటి చీరలు. మొదటి ఏడాది సమయం చాలక కొన్ని చీరలు సూరత్ నుంచి తెప్పించారు, వాటి నాణ్యత మీద ఊరూరా గొడవైంది. ఆ తర్వాతి ఏళ్లలో చీరల తయారీ సిరిసిల్లకే దక్కింది. పరస్పర సహాయ సంఘాలకు, చిన్న పరిశ్రమల యూనిట్లకు ఆర్డర్లు పంచారు. చీర నేయడానికి ఆసాములు సాంచాలకు అంచు, డిజైను తీసే డాబీలు, జకార్డులు బిగించుకున్నారు. ఏడాదిలో కొన్ని నెలలు ఖచ్చితంగా పని ఉంటుందన్న ధైర్యం వచ్చింది. భీవండి నుంచి తిరిగొచ్చిన కుటుంబాలూ ఉన్నాయి. కార్మికుడు కూలిలో ఎనిమిది శాతం జమ చేస్తే ప్రభుత్వం మరో ఎనిమిది శాతం కలిపే పొదుపు పథకం కూడా ఆ కాలానిదే.

2023 చివర ప్రభుత్వం మారింది, బతుకమ్మ చీరల పథకం ఆగింది. పాత ఆర్డర్ల బకాయిలు చేతికి రాలేదు, కొత్త ఆర్డర్లు లేవు. 2024 మొదట్లో సాంచాలు మూతపడ్డాయి, మళ్లీ ఆత్మహత్య వార్తలు వచ్చాయి. అప్పటిదాకా పథకం ఇచ్చిన కూలి నిజమైనదే, ఆ డబ్బుతో పిల్లలు చదువుకున్నారు, ఇళ్లు లేచాయి. అయితే ఏడేళ్లలో సిరిసిల్ల గుడ్డను బజారులో అడిగి కొనే రెండో వర్తకుణ్ని తయారు చేసే పని పూర్తి కాలేదు. 2024 నవంబర్‌లో వేములవాడలో నూలు డిపో తెరిచారు. నూలు కోసం పెద్ద వ్యాపారి మీద ఆధారపడే ఆసామికి ఇది నేరుగా ఉపయోగపడే ఏర్పాటు, నిజానికి చాలా ఆలస్యంగా వచ్చిన ఏర్పాటు. ఆ తర్వాత ఇందిరా మహిళా శక్తి పేరుతో పొదుపు సంఘాల మహిళలకు ఇచ్చే చీరల ఆర్డరు సిరిసిల్లకు వచ్చింది, 2025లో పంపిణీ జరిగింది.

ప్రభుత్వ ఆర్డరుకు బయట కూడా ప్రయత్నాలున్నాయి. తంగళ్లపల్లిలో టెక్స్‌టైల్ పార్కు, పెద్దూరులో దుస్తులు కుట్టే అపారెల్ పార్కు వచ్చాయి. కార్మికుణ్ని యజమానిని చేయాలని పెద్దూరులోనే షెడ్లు కట్టే పథకం చేపట్టారు. చేనేత వైపు యెల్ది హరిప్రసాద్ మగ్గం మీద జీ20 చిహ్నం నేసి ప్రధానికి పంపారు, 2022 నవంబర్ మన్ కీ బాత్‌లో ఆ పేరు దేశమంతా వినబడింది. రాజన్న సిరిపట్టు అన్న పేరుతో పట్టు చీరలు విదేశీ తెలుగువారి దాకా వెళ్లాయి. సంఖ్యలో ఇవి చిన్నవే. కానీ చీర మీద సిరిసిల్ల పేరు కనబడి, ఆ పేరు చూసి కొనేవాళ్లు రావడం ఊరికి కొత్త.

పొదుపు సంఘాలు

ఊళ్లో ‘సంఘం’ అంటే ఇప్పుడు మొదట గుర్తొచ్చేది మహిళా పొదుపు సంఘమే. దీని మూలాలు 1982లో కేంద్రం మొదలుపెట్టిన డ్వాక్రాలో ఉన్నాయి. 1992లో నాబార్డు సంఘాలను బ్యాంకులతో కలిపే ప్రయోగం చేసింది. 1995లో ఆంధ్రప్రదేశ్ పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం తెచ్చింది. ప్రభుత్వ వాటా ధనం లేకుండా, అధికారి పెత్తనం లేకుండా సంఘం నడుపుకునే వీలు దేశంలో మొదట ఆ చట్టంతోనే వచ్చింది. 2000 నుంచి వెలుగు, ఆ తర్వాత ఇందిరా క్రాంతి పథం సంఘాలను మెట్లు మెట్లుగా పేర్చాయి. పది పదిహేను మంది ఆడవాళ్లది సంఘం, ఊరి సంఘాలన్నీ కలిస్తే గ్రామ సంఘం, ఆపైన మండల సమాఖ్య, జిల్లా సమాఖ్య.

2010లో సూక్ష్మ రుణ సంస్థల వసూళ్ల వేధింపులు తెలుగు పల్లెల్లో ప్రాణాల మీదికి వచ్చాయి. ఆ అక్టోబర్‌లో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి వాటిని కట్టడి చేసింది. బంగ్లాదేశ్ గ్రామీణ బ్యాంకుకు నోబెల్ శాంతి బహుమతి వచ్చి నాలుగేళ్లే అయింది. చిన్న అప్పే పేదరికానికి మందు అని ప్రపంచమంతా చెప్పుకుంటున్న రోజులవి. ఇక్కడి ఆడవాళ్ల అనుభవం వేరే సంగతి చెప్పింది. వారం వారం కట్టాల్సిన అప్పుతో మొదలైన వ్యాపారం లాభం చూడకముందే వాయిదా చూస్తుంది. 2011లో స్త్రీనిధి వచ్చింది. ఇది సమాఖ్యలు వాటాదారులుగా ఉన్న పరపతి సంఘం. కుట్టుమిషనుకో, బర్రెకో అత్యవసరంగా డబ్బు కావాలంటే బ్యాంకు చుట్టూ తిరిగే పని తగ్గింది. అయినా రోజువారీ వసూలు మీద అప్పిచ్చే గిరిగిరి వాళ్లు ఊళ్లలో ఇంకా తిరుగుతూనే ఉన్నారు. పొద్దున్నే కూరగాయలు కొనడానికి డబ్బు కావాల్సిన అమ్మకు నెల మీటింగు దాకా ఆగే వీలుండదు. సంఘాలు ఇంకా పట్టించుకోవాల్సిన చోటు అది.

అప్పు ఇవ్వడం ఒక పని అయితే, సంఘమే వ్యాపారం చేయడం ఇంకో పని. ఈ రెండోదానిలోనే నిజమైన మార్పు వచ్చింది. వరి కోతల కాలంలో ఊరి చివర కల్లం దగ్గర ఐకేపీ (ఇందిరా క్రాంతి పథం) వడ్ల కొనుగోలు కేంద్రం నడిపేది మహిళా సంఘమే. తేమ చూడటం, తూకం, గోనె సంచుల లెక్క, లారీ, మిల్లు రసీదు అన్నీ వాళ్లవే. క్వింటాలుకు వచ్చే కమీషన్ సంఘానికి ఆదాయం. తూకం కాంటా దగ్గర ఎప్పుడూ మగవాడి గొంతే వినబడిన ఊళ్లివి. 2024 నుంచి ప్రభుత్వ బడుల యూనిఫాంలు కుట్టే పని సంఘాలకు ఇచ్చారు. ఆ గుడ్డ సిరిసిల్ల సాంచాల మీదిది. ఒకచోట నేత, ఇంకోచోట కుట్టు, మధ్యలో సమాఖ్య. ఈ ప్రాంతపు పల్లె వ్యాపారాల్లో రెండు జిల్లాలను కలిపే ఇలాంటి జోడింపు మళ్లీ దొరకదు. ఇందిరా మహిళా శక్తి కింద క్యాంటీన్లు, సోలార్ ప్లాంట్లు, ఆర్టీసీకి అద్దె బస్సులు కూడా సంఘాల చేతికి వస్తున్నాయి. బస్సు, క్యాంటీను నడపడానికి రోజువారీ లెక్కలు రాసే మనిషి కావాలి. ఆ శిక్షణకు ఖర్చు పెట్టిన మండలాల్లోనే అవి నిలబడతాయి.

బీడీలు

కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, సిరిసిల్ల పల్లెల్లో మధ్యాహ్నం చేటలో తునికాకు, తంబాకు పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్లు కనబడని వాడ ఉండదు. కంపెనీ టేకేదారు ఆకు, తంబాకు తూచి ఇస్తాడు. చుట్టిన బీడీలు వెయ్యికింత అని లెక్క. ఆకు బాగా లేక తక్కువ వస్తే ఆ లోటు చుట్టిన మనిషిదే. పేరుకు ఇంటి పని, వాస్తవానికి ఫ్యాక్టరీ పని. పీఎఫ్ నంబరు ఉన్నవాళ్లకే తర్వాత ప్రభుత్వం బీడీ కార్మికుల పింఛను ఇవ్వడంతో, ఆ కార్డు ఇంట్లో భూమి కాగితమంత విలువైంది. 2017లో బీడీల మీద జీఎస్టీ 28 శాతం పడింది. అమ్మకం తగ్గితే ముందు తగ్గేది పని దినాలే. ఈ ఆడవాళ్లు చేతి వేగంలో ఎవరికీ తీసిపోరు. వాళ్లను కుట్టుపనికో, ఆహార తయారీకో మళ్లించాలని ఎన్నో శిక్షణలు జరిగాయి. శిక్షణ తర్వాత సరుకు కొనేవాడు దొరకక మళ్లీ చేట ముందే కూర్చున్నవాళ్లు ఎందరో.

మామిడి, పసుపు, చెరకు

జగిత్యాల పక్కన చల్‌గల్ మామిడి మార్కెట్ ఏప్రిల్, మే, జూన్ నెలల్లో నిద్రపోదు. ఢిల్లీ, ఉత్తర భారత వ్యాపారులు వచ్చి పెట్టెలు కట్టించి లారీలెక్కిస్తారు. బంగినపల్లి, దశేరి ఎక్కువ. మల్యాల చుట్టుపక్కల తోటల కాయ కూడా ఇటే వస్తుంది. చాలామంది రైతులు పూత మీదే తోటను గుత్తకు ఇచ్చేస్తారు. వడగళ్లు పడితే నష్టం గుత్తేదారుది, ధర పెరిగితే లాభమూ అతనిదే. నేరుగా తెచ్చి అమ్ముకుందామనుకుంటే కమీషన్, తరుగు, హమాలీ పోగా మిగిలేది చూసుకోవాలి. రైతు ఉత్పత్తిదారుల సంఘాల పేరుతో 2020లో దేశమంతా పదివేల సంఘాల పథకం వచ్చింది. మామిడికి అవి చేయాల్సిన పని తేలికగా చెప్పవచ్చు: కాయను మగ్గబెట్టే గదులు, రకాల వారీగా వేరుచేసే చోటు, గుజ్జు తీసే చిన్న యూనిట్లు. మూడు నెలల సరుకును పన్నెండు నెలలు అమ్మగలిగితేనే గుత్తేదారుతో బేరం మారుతుంది.

పసుపు తొమ్మిది నెలల పంట. తవ్వాక ఉడకబెట్టాలి, ఆరబెట్టాలి, పాలిష్ పట్టాలి, కొమ్మును మండ నుంచి వేరు చేయాలి. ఇంత పని రైతే చేసి నిజామాబాద్ మార్కెట్‌కు తెస్తే ధర మాత్రం మహారాష్ట్రలోని సాంగ్లీ బేరాన్ని బట్టి ఊగుతుంది. జగిత్యాల, కోరుట్ల శాసనసభ స్థానాలు నిజామాబాద్ లోక్‌సభ కిందివే. 2019 ఎన్నికల్లో అక్కడ 185 మంది పోటీలో నిలిచారు. వాళ్లలో అత్యధికులు పసుపు, ఎర్రజొన్న ధర కోసం నామినేషన్ వేసిన రైతులు. బ్యాలెట్ యంత్రాలను ప్రత్యేకంగా తెప్పించాల్సి వచ్చింది. పసుపు బోర్డును 2023 అక్టోబర్‌లో కేంద్రం ప్రకటించింది, 2025 జనవరి 14న సంక్రాంతి రోజున అది నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది. పొడి చేసి, పొట్లం కట్టి, సొంత పేరుతో అమ్మే ఊరి యూనిట్లకు పరీక్షా కేంద్రాలు, ఎగుమతి సర్టిఫికెట్లు దగ్గరలో దొరికేలా చేస్తేనే బోర్డు వల్ల రైతుకు మేలు.

చెరకు కథ వేరు. మల్లాపూర్ మండలం ముత్యంపేటలో నిజాం షుగర్స్ ఫ్యాక్టరీ ఉండేది. కొండగట్టు దగ్గరి ముత్యంపేటతో దీన్ని కలపకూడదు, ఇది మెట్‌పల్లి వైపుది. 2002లో నిజాం షుగర్స్‌లో 51 శాతం వాటా ప్రైవేటుకు పోయింది. 2015 డిసెంబర్‌లో బోధన్, మెదక్‌తోపాటు ముత్యంపేట ఫ్యాక్టరీకీ తాళం పడింది. చెరకు రైతుకు తన ఊళ్లో ఉన్న ఏకైక కొనుగోలుదారు ఆ గేటు వెనకే ఉన్నాడు. బళ్లు, క్యాంటీన్లు, వెల్డింగ్ షాపులు, కోత ముఠాలు కూడా గేటుతోపాటే మూతపడ్డాయి. తెరిపిస్తామన్న హామీ ప్రతి ఎన్నికలోనూ వినబడుతోంది.

ముల్కనూరు

ఈ కష్టాలకు జవాబు పాత కరీంనగర్ జిల్లాలోనే దొరుకుతుంది. భీమదేవరపల్లి మండలం ముల్కనూరు ఇప్పుడు హనుమకొండ జిల్లాలో ఉంది. 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి అక్కడ సహకార గ్రామీణ బ్యాంకు, మార్కెటింగ్ సంఘాన్ని స్థాపించారు. స్పెయిన్‌లోని మోండ్రాగాన్‌లో, తర్వాత ప్రపంచానికంతా సహకార పాఠమైన తొలి కార్మిక కర్మాగారం మొదలైంది కూడా ఆ ఏడాదే. ముల్కనూరు సంఘం రైతుకు అప్పు ఇస్తుంది, ఎరువు అమ్ముతుంది, పంట కొంటుంది, మిల్లు పడుతుంది, విత్తనం తయారు చేస్తుంది. అప్పు వసూలు పంట అమ్మకంలోనే జరిగిపోతుంది కాబట్టి వడ్డీ వ్యాపారి గుమ్మం తొక్కే పని ఉండదు. సహవికాస సంస్థ తోడ్పాటుతో 2000లో అక్కడి ఆడవాళ్లు సొంతంగా పాల సంఘం పెట్టుకున్నారు. వాళ్ల పాలు స్వకృషి పేరుతో అమ్ముడవుతాయి.

ప్రభుత్వ వాటా మీద ఆధారపడని, లాభాన్ని సభ్యులకు పంచే, అధ్యక్షుణ్ని సభ్యులే ఎన్నుకునే ఈ పద్ధతిని పక్క మండలాలు ఎందుకు అందుకోలేదు? ఒక కారణం నాయకత్వం. సంఘం వచ్చిన లాభాన్ని దశాబ్దాల పాటు తిరిగి సంఘంలోనే పెట్టే ఓపిక ఉన్న మనుషులు కావాలి. రెండో కారణం, సింగిల్ విండో అని పిలిచే ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలు చాలా ఊళ్లలో ఎరువుల అమ్మకం, రుణమాఫీ జాబితాల దగ్గరే ఆగిపోయాయి. రైతు వాటిని తన దుకాణంగా ఎన్నడూ అనుకోలేదు.

పథకాలు

ప్రతి జిల్లాలో పరిశ్రమల కేంద్రం ఉంది. ముద్ర రుణాలు 2015లో, చేతివృత్తులకు పీఎం విశ్వకర్మ 2023 సెప్టెంబర్‌లో వచ్చాయి. విశ్వకర్మలో పద్దెనిమిది వృత్తులకు శిక్షణ, పనిముట్లకు 15,000 రూపాయలు, ఐదు శాతం వడ్డీకి మొదట లక్ష, ఆపై రెండు లక్షల అప్పు ఇస్తారు. చిన్న ఆహార యూనిట్లకు 35 శాతం రాయితీ 2020 నుంచి ఉంది. తెలంగాణ ఇన్నోవేషన్ సెల్ ఇంటింటా ఇన్నోవేటర్ పేరుతో పల్లె ఆవిష్కర్తలను వెతుకుతోంది. వేములవాడ దగ్గర హన్మాజిపేట ప్రభుత్వ బడి విద్యార్థి ఒకరు వడ్లను సంచుల్లో నింపే యంత్రం తయారుచేసి జాతీయ స్థాయి ఇన్‌స్పైర్ పోటీల్లో గెలిచారు. కల్లంలో నలుగురి పని అది తగ్గిస్తుంది.

ఈ పథకాలన్నీ వ్యక్తిని చూస్తాయి. ఒక మనిషి, ఒక దరఖాస్తు, ఒక అప్పు. పదిమంది వడ్రంగులకు కలిపి ఒక కోత యంత్రం, ఇరవై పసుపు కుటుంబాలకు ఒక పాలిష్ షెడ్డు అడిగితే దారి చాలా పొడవు. సరుకు అందిన 45 రోజుల్లో చిన్న పరిశ్రమకు డబ్బు కట్టాలని 2006 చట్టం చెబుతున్నా, సిరిసిల్లలో బాకీపడింది ప్రభుత్వమే.

గల్ఫ్ సొమ్ము

ఈ ప్రాంతంలో పెట్టుబడి పెట్టే పెద్ద వర్గం గల్ఫ్ కార్మికులు. ఇల్లు, ఆడపిల్ల పెళ్లి, పోవడానికి చేసిన అప్పు తీరాక మిగిలినదాంతో ట్రాక్టరు, కోత మిషను, జేసీబీ, టెంట్ హౌస్, కోళ్ల ఫారం వచ్చాయి. ఊరంతా ఒకే వ్యాపారం పెట్టడం వల్ల చాలామంది నష్టపోయారు. ఒకరికి కోత మిషను మీద లాభం వస్తే తర్వాతి ఏడాది అదే ఊళ్లో మూడు దిగుతాయి. ఎడారిలో ఇరవై ఏళ్లు వెల్డింగ్, ఏసీ, ఎలక్ట్రికల్ పని చేసి వచ్చిన మనిషి చేతిలోని నైపుణ్యానికి ఇక్కడ ధర కట్టేవాడు లేడు. అతని పాస్‌పోర్టులో వీసాల లెక్క ఉంది గానీ అతనికొచ్చిన పని లెక్క ఏ కార్యాలయంలోనూ ఉండదు. మరణించిన వలస కార్మికుడి కుటుంబానికి ఐదు లక్షల సాయం ప్రకటించడం మంచిదే. బతికి తిరిగొచ్చినవాడికి కావాల్సింది ఒక సంఘం.

లంబాడిపల్లి

మల్యాల మండలంలోని లంబాడిపల్లి నుంచి వచ్చిన మై విలేజ్ షో ఈ ప్రాంతపు వ్యాపారాల్లో దేన్నీ పోలనిది. శ్రీరామ్ శ్రీకాంత్ దీన్ని 2012లో యూట్యూబ్ చానెల్‌గా మొదలుపెట్టారు. ఊరి మాట, ఊరి పండుగ, పొలం గట్టు, ఊరివాళ్లే నటులు. కూలి పనులు చేస్తూ, బీడీలు చుడుతూ బతికిన మిల్కూరి గంగవ్వ ఆ వీడియోలతో తెలుగు ఇళ్లన్నిటికీ తెలిసిన మనిషయ్యారు. 2019లో మల్లేశం, ఇస్మార్ట్ శంకర్ సినిమాల్లో, 2020లో బిగ్ బాస్‌లో కనబడ్డారు. అనిల్ జీల అదే బృందం నుంచి పైకొచ్చారు. చానెల్ చందాదారులు ఇరవై లక్షలు దాటారు.

మామిడిలా దీనికి లారీ అక్కర్లేదు, సాంచాలా నూలు అక్కర్లేదు. జగిత్యాల యాసను సినిమాల్లో నౌకరు పాత్రకో వెక్కిరింతకో వాడుకున్న రోజులు చూసినవాళ్లకు, అదే యాస సరుకై అమ్ముడవడం ఎంత పెద్ద సంగతో తెలుసు. కెమెరా, ఎడిటింగ్, రాత, నటన నేర్చుకున్న పిల్లలు ఊళ్లోనే తయారయ్యారు. ఇప్పుడు కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల చుట్టూ జానపద పాటలు తీసే చానెళ్లు చాలా ఉన్నాయి. పాట రాసేవాళ్లు, పాడేవాళ్లు, ఆడేవాళ్లు, డ్రోన్ తిప్పేవాళ్లు ఒక చానెల్ నుంచి ఇంకోదానికి పని మీద తిరుగుతుంటారు. ఎక్కడా రిజిస్టర్ కాని సంఘం అది.

ఇక్కడా కొనుగోలుదారు ఒక్కడే. ప్రకటనల డబ్బు ఎంత ఇవ్వాలో, ఏ వీడియో ఎవరికి చూపాలో నిర్ణయించేది యూట్యూబ్. లంబాడిపల్లి బృందం ఆ ఒక్క గుమ్మం దగ్గరే నిలబడిపోలేదు. సరుకుల ప్రచారం, సినిమా ప్రచారాలు చేసింది, సినిమాల్లో వేషాలకు వెళ్లింది. 2025లో అనిల్ జీల నటించిన మోతెవరి లవ్ స్టోరీ జీ5లో వచ్చింది.